ఒకే ఇంటిపేరు, ఒకే ఓడ: ఇంగ్లిష్ ఛానల్ ఫెర్రీల్లో పనిచేసిన కుటుంబాల జ్ఞాపకాలు

ఇంగ్లండ్ తీరంలోని డోవర్‌కీ ఫ్రాన్స్ తీరంలోని కలేకీ మధ్య సముద్రం ఇరుకైన చోట దాదాపు 34 కిలోమీటర్లే. ఇంగ్లిష్ ఛానల్ అని పిలిచే ఆ సముద్రపు పాయని దాటించిన పాత ఫెర్రీల మీద పుస్తకాలకు కొదవ లేదు. ఏ ఓడని ఏ యార్డులో కట్టారు, ఇంజిన్ ఏ రకం, కెప్టెన్ ఎవరు, ఎప్పుడు తుక్కుకి వెళ్ళింది అన్న వివరాలన్నీ వాటిలో పూసగుచ్చినట్టు దొరుకుతాయి. కొలిమి దగ్గర బొగ్గు ఎగదోసినవాళ్ళ గురించీ, ఓడ ఊగుతుంటే టీ ట్రేలు మోసినవాళ్ళ గురించీ, కడుపులో తిప్పి వాంతులు చేసుకునే ప్రయాణికుల పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడ్డవాళ్ళ గురించీ మాత్రం ఆ పుస్తకాల్లో ఉండేది చాలా తక్కువ. ఆ మనుషుల సంగతి తెలియాలంటే వాళ్ళ ఇళ్ళకే వెళ్ళాలి.

డోవర్, ఫోక్‌స్టన్, న్యూహేవెన్, సౌతాంప్టన్, అవతలి గట్టున కలే, బులోన్, దియెప్ రేవుల్లో తాత, తండ్రి, కొడుకు ఒకే రూట్లో పనిచేసిన ఇళ్ళు చాలా ఉండేవి. వాళ్ళు చెప్పే సంగతుల్ని పాతకాలపు ముచ్చట్లుగా వినేసి వదిలేయడం అన్యాయం. ఛానల్ మీద ఆ పని ఎలా సాగింది, దాని భారం ఎవరు మోశారు అని తెలుసుకోవడానికి వాటిని మించిన ఆధారం తక్కువ. ఆ జ్ఞాపకాలు ఇన్నాళ్ళు నిలవడానికీ, ఇప్పుడు ఆగిపోతుండటానికీ ఒకటే కారణం కనిపిస్తుంది. అది ఆ ఓడల్లో ఉద్యోగాలు ఇచ్చిన పద్ధతి.

రైల్వే ఓడలు, రైల్వే ఇళ్ళు

ఈ ఓడల్లో ఎక్కువ భాగం చాలాకాలం రైల్వే కంపెనీలవే. లండన్‌లో బయల్దేరినవాళ్ళు ఒకే టికెట్ మీద పారిస్ చేరాలంటే మధ్యలో ఉన్న సముద్రం కూడా రైల్వే చేతిలోనే ఉండాలి. అందుకని 19వ శతాబ్దంలో రైల్వే కంపెనీలు సొంతంగా ఓడలు నడపడం మొదలుపెట్టాయి. 1923లో దక్షిణ ఇంగ్లండ్ కంపెనీలు కలిసి సదరన్ రైల్వే అయ్యాయి. 1948లో రైల్వేలన్నిటినీ జాతీయం చేశారు. 1970 నుంచి ఓడల విభాగాన్ని సీలింక్ అన్నారు. 1984లో ప్రభుత్వం దాన్ని ప్రైవేటుకి అమ్మేసింది. అంటే అన్ని దశాబ్దాల పాటు స్టేషన్‌లో టికెట్లు కోసే గుమాస్తా, ఓడలో వంటమనిషి ఒకే యజమాని దగ్గర పనిచేశారు.

అలాంటి చోట ఖాళీ ఉందన్న కబురు ముందుగా తెలిసేది లోపల పనిచేసేవాళ్ళకే. వేసవి రద్దీకి అదనపు మనుషులు కావాలి. "మావాడొకడు ఉన్నాడు" అని తండ్రో మేనమామో పై అధికారి చెవిన వేస్తే కుర్రాణ్ణి సీజన్ వరకు తీసుకునేవారు. పని నచ్చితే మళ్ళీ ఏడాది పిలుపు వచ్చేది, ఆ తర్వాత పర్మనెంట్. కంపెనీకి ఇందులో లాభం ఉంది. కొత్తవాడు తప్పు చేస్తే వాణ్ణి తెచ్చిన పెద్దమనిషి తలదించుకోవాలి కాబట్టి క్రమశిక్షణ ఇంట్లోనే మొదలయ్యేది. పని నేర్పే ఖర్చూ ఇంటిదే. గాలి ఏ వైపు తిరిగితే రేవులోకి రావడం కష్టం, ప్రయాణికులు కూర్చునే ఏ సెలూన్‌లో సామాను ముందు కట్టేయాలి లాంటివి కుర్రాడు ఓడ ఎక్కకముందే భోజనాల దగ్గర విని ఉండేవాడు. ఇదే పద్ధతి బయటివాళ్ళకి తలుపు మూసింది కూడా. రేవు ఊళ్ళో బంధువులు లేనివాడికి ఆ ఉద్యోగం అంత తేలిగ్గా దొరికేది కాదు. కుటుంబాల జ్ఞాపకాల్లో ఈ మాట పెద్దగా వినపడదు, వినపడుతుందని ఆశించడానికీ లేదు.

ఇదంతా కాగితాల్లో కూడా పోల్చుకోవచ్చు. బ్రిటిష్ వాణిజ్య ఓడల సిబ్బంది జాబితాల్లో మనిషి పేరు, వయసు, పుట్టిన ఊరు, ఇంటి చిరునామా, అంతకుముందు పనిచేసిన ఓడ రాసి ఉంటాయి. 1915 సంవత్సరపు జాబితాల్ని బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్, నేషనల్ మారిటైమ్ మ్యూజియం కలిసి వాలంటీర్ల సాయంతో డిజిటల్ రూపంలోకి తెచ్చాయి. 1863 నుంచి 1938 వరకు మిగిలిన జాబితాల్లో దాదాపు 70 శాతం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ఒక విశ్వవిద్యాలయం ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఇంటిపేరు, చిరునామా పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే గడప దాటి వచ్చిన అన్నదమ్ములు బయటపడతారు. దీనికి తోడు ప్రతి నావికుడి దగ్గరా డిశ్చార్జ్ బుక్ ఉండేది. ఓడ దిగేటప్పుడు పనితనానికి ఒక ముద్ర, నడవడికకి ఒక ముద్ర. 'వెరీ గుడ్' అన్నది మామూలు ముద్ర. ఏమీ చెప్పలేం అన్న అర్థంలో 'డిక్లైన్ టు రిపోర్ట్' అని పడితే ఇంకో ఓడలో పని దొరకడం గగనం. విశాఖపట్నం నుంచి మర్చంట్ నేవీకి వెళ్ళే కుర్రాళ్ళు సీడీసీ అని పిలుచుకునే పుస్తకం ఈ కోవదే. చాలా ఇళ్ళలో పెద్దాయన పోయాక మిగిలింది ఆ చిన్న పుస్తకమే. పిల్లల దగ్గర ఉన్న కబుర్లకి తేదీలు, ఓడల పేర్లు ఇచ్చేదీ అదే.

ఛానల్ ఓడల ఉద్యోగానికి ఇంకో ఆకర్షణ, ఇంటికి రావచ్చు. నెలల తరబడి దూర సముద్రాలకి వెళ్ళే నావికులు పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక ఇటువైపు మారడం మామూలే. అయితే ఇంటికి రావడం అంటే రోజూ సాయంత్రం రావడం కాదు. ఓడ టైము ప్రయాణికుల్ని రేవుకి తెచ్చే బోట్ ట్రైన్ టైముని బట్టి, రైలు టైము పారిస్, లండన్‌లలోని అవసరాల్ని బట్టి ఉండేవి. వాటిని బట్టే ఇంట్లో భోజనం, నిద్ర, పిల్లల్ని పలకరించడం. పొగమంచు పడితే అన్ని లెక్కలూ తప్పేవి. చలికాలంలో ఓడల్ని మరమ్మతుకి నిలిపేస్తే సీజన్ మనుషులకి పని ఉండదు. వేసవిలో వచ్చిన జీతం, టిప్పులు కూడబెట్టి డిసెంబరు నుంచి మార్చి దాకా ఇల్లు నడపాలి. ఆ లెక్క చూసింది భార్యలు. అందుకే ఈ కుటుంబాల కథ చెప్పించుకోవాలంటే ఓడలో పనిచేసినవాణ్ణి ఒక్కణ్ణే అడిగితే సగమే తెలుస్తుంది.

ప్రయాణికుల జ్ఞాపకానికీ పనివాళ్ళ జ్ఞాపకానికీ తేడా నైట్ ఫెర్రీ దగ్గర బాగా తెలుస్తుంది. 1936 అక్టోబరు 14న మొదలైన ఈ సర్వీసులో లండన్ విక్టోరియా స్టేషన్‌లో స్లీపర్ పెట్టె ఎక్కినవాళ్ళు పారిస్‌లోనే దిగేవారు. రైలు పెట్టెల్నే ఓడలోకి తోసేవారు. ట్వికెన్‌హామ్ ఫెర్రీ, హాంప్టన్ ఫెర్రీ, షెపర్టన్ ఫెర్రీ అని మూడు ఓడలు, వాటి డెక్కుల మీద పట్టాలు. ఆ రైల్లో వెళ్ళినవాళ్ళు తప్పకుండా చెప్పే సంగతి, అర్ధరాత్రి గొలుసుల చప్పుడుకి మెలకువ రావడం. ఆ చప్పుడు చేసిన చేతులకి మాత్రం అది బరువు. డోవర్‌లో ఆటుపోట్ల తేడా మీటర్లలో ఉంటుంది కాబట్టి ఓడని గేటు ఉన్న రేవు గదిలోకి తెచ్చి, నీళ్ళు పంపు చేసి, డెక్కు మీది పట్టాల్ని ఒడ్డు పట్టాలతో సమం చేయాలి. పెట్టెల్ని ఒక్కొక్కటిగా ఎక్కించి, ఓడ ఎంత ఒరిగినా కదలకుండా గొలుసులతో బిగించాలి. లోపల పడుకున్నవాళ్ళకి మెలకువ రానివ్వకూడదని కంపెనీ ఆశ, తడి చేతులతో ఇనుముని మెల్లగా బిగించడం కుదరదు. 1980 అక్టోబరు 31న ఈ సర్వీసు ఆగిపోయింది. విలాసం గురించిన వర్ణనలు ఇప్పటికీ వస్తున్నాయి. ఆ పని ఎలా జరిగిందన్నది మాత్రం చేసినవాళ్ళ ఇళ్ళలోనే మిగిలింది.

పెన్షన్ బదులు ఉద్యోగం

ఛానల్ ఓడల్లో ఆడవాళ్ళు కార్ ఫెర్రీల కాలంలో వచ్చారని చాలామంది అనుకుంటారు. 19వ శతాబ్దం నుంచే స్టీవార్డెస్‌లు ఉన్నారు. ఆడవాళ్ళ సెలూన్‌లో ఉండి ప్రయాణికుల్ని, పిల్లల్ని చూసుకోవడం, సముద్రం పడనివాళ్ళకి సేవ చేయడం వాళ్ళ పని. ఈ ఉద్యోగంలోకి వచ్చినవాళ్ళలో కంపెనీ మనుషుల భార్యలు, అందులోనూ భర్త పోయినవాళ్ళు ఉండేవారు. మేరీ ఆన్ రోజర్స్ జీవితం దీనికి ఉదాహరణ.

ఆమె భర్త లండన్ అండ్ సౌత్ వెస్టర్న్ రైల్వే ఓడల్లో నావికుడు. 1880లో సముద్రంలో కొట్టుకుపోయాడు. అప్పటికి ఆమె గర్భవతి, ముందే ఒక బిడ్డ ఉంది. కంపెనీ ఆమెకి ఇచ్చింది స్టీవార్డెస్ ఉద్యోగం. భర్తని మింగిన సముద్రం మీదే, అదే కంపెనీ ఓడల్లో, పిల్లల్ని పెంచుకోవడానికి ఆమె ఏళ్ళ తరబడి పనిచేసింది. 1899 మార్చి 30న సౌతాంప్టన్ నుంచి గెర్న్‌సీ దీవికి ఈస్టర్ సెలవుల ప్రయాణికులతో బయల్దేరిన స్టెల్లా అనే ఓడ పొగమంచులో కాస్కెట్స్ రాళ్ళని గుద్దుకుని, ఎనిమిది నిమిషాల్లో మునిగిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. మేరీ ఆన్ తన సెలూన్‌లోని ఆడవాళ్ళకి లైఫ్‌బెల్టులు కట్టి పడవల్లోకి పంపింది, తన బెల్టు కూడా ఇచ్చేసింది, ఓడతో పాటే వెళ్ళిపోయింది. 1901లో సౌతాంప్టన్‌లో ఆమె పేరిట స్మారకం కట్టారు. లండన్‌లోని పోస్ట్‌మన్స్ పార్కులో కూడా ఆమె పేరు చెక్కిన పలక ఉంది.

స్మారకాలు ఆమె త్యాగాన్ని చెబుతాయి, చెప్పాలి కూడా. అయితే ఆమె ఆ ఓడలోకి ఎలా వచ్చిందన్నది కుటుంబ చరిత్ర చూస్తేనే తెలుస్తుంది. నావికుడు పోతే అతని కుటుంబాన్ని పోషించే బాధ్యతని కంపెనీ పెన్షన్‌తో తీర్చలేదు, అదే కుటుంబం నుంచి ఇంకొకరిని పనిలోకి తీసుకుని తీర్చుకుంది. ఒక విధంగా అది దయే. ఆ దయ వల్ల ఒకే ఇంటి నుంచి రెండో ప్రాణం కూడా సముద్రానికి దగ్గరైంది. కుటుంబాలు కలిసి పనిచేసిన ఓడల గురించి ఆప్యాయంగా మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు. ఓడ మునిగితే దెబ్బ ఒక ఊరి మీద, ఆ ఊళ్ళో కొన్ని వీధుల మీద పడేది.

ఐరిష్ సముద్రం దాటే ఓడల్ని కూడా అక్కడివాళ్ళు క్రాస్ ఛానల్ అనే అంటారు. 1918 అక్టోబరు 10న డబ్లిన్ దగ్గర జర్మన్ జలాంతర్గామి ముంచేసిన లైన్‌స్టర్ మెయిల్ ఓడలో 500 మందికి పైగా పోయారు. ఓడలోనే ఉత్తరాలు సార్టింగ్ చేసే 22 మంది తపాలా ఉద్యోగుల్లో 21 మంది తిరిగిరాలేదు. ఆ ఓడ సిబ్బంది ఇళ్ళు ఒక గట్టున వేల్స్‌లోని హోలీహెడ్‌లో, రెండో గట్టున నేటి డన్ లేరీలో ఉండేవి. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకొక నెలలో ముగిసింది.

1940: గర్వం, మౌనం

రెండో ప్రపంచ యుద్ధం గురించి బ్రిటిష్ వాళ్ళు చెప్పుకునే కథల్లో డన్‌కర్క్ పెద్దది. 1940 మే 26 నుంచి జూన్ 4 వరకు ఫ్రాన్స్ తీరంలోని ఆ రేవులో చిక్కుకున్న 3,38,226 మంది సైనికుల్ని ఛానల్ దాటించి తెచ్చారు. చిన్న చిన్న పడవల కథ అందరికీ తెలుసు. ఎక్కువమందిని మోసింది నేవీ డిస్ట్రాయర్లు, రైల్వేల ప్రయాణికుల ఓడలు. ఆ ఓడల్లో ఉన్నది యూనిఫాం వేసుకున్న సైనికులు కాదు. మామూలు రోజుల్లో టికెట్లు చూసి, టీలు అందించిన సివిలియన్ సిబ్బందే.

హాస్పిటల్ ఓడగా మార్చిన మెయిడ్ ఆఫ్ కెంట్ 1940 మే 21న దియెప్ రేవులో బాంబులు పడి కాలిపోయింది. ఓడ పక్కల మీద గుర్తుగా పెద్ద ఎర్ర శిలువలు ఉన్నా దాడి ఆగలేదు. మరో హాస్పిటల్ ఓడ పారిస్ జూన్ 2న డన్‌కర్క్ వెళ్తూ దెబ్బతిని మునిగింది. రోజుల తరబడి నిద్ర లేకుండా, బాంబుల కింద తిరిగిన కొన్ని ఓడల సిబ్బంది ఇక మళ్ళీ వెళ్ళలేమన్నారు. వాళ్ళ బదులు వేరేవాళ్ళని ఎక్కించాల్సి వచ్చింది, కొన్నిచోట్ల నేవీ మనుషుల్ని కాపలా పెట్టారు. నేవీ రికార్డుల్లో ఇది అవిధేయత. ఇళ్ళలో చాలామటుకు మౌనం. వెళ్ళిన ప్రయాణాల గురించి కొడుకులకి చెప్పుకున్నవాళ్ళు, వెళ్ళలేకపోయిన చివరి ప్రయాణం గురించి చెప్పుకోలేదు.

ఆయుధం లేదు, శిక్షణ లేదు. పోతే ఇంటికి సైనికుడి భార్యకి దక్కే గుర్తింపు కూడా సరిగా దక్కదు. అలాంటి మనిషి నాలుగోసారి నరకంలోకి వెళ్ళలేనంటే దాన్ని పిరికితనం అనడం తప్పు. మొదటి మూడుసార్లు ఎందుకు వెళ్ళాడన్నదే అడగాల్సిన ప్రశ్న. అడిగితే బయటికొచ్చే జవాబుల్లో దేశభక్తి ఉంటుంది, పక్కన ఉన్నది తమ్ముడో బావమరిదో అయితే వాణ్ణి వదిలి దిగలేకపోవడం కూడా ఉంటుంది.

జ్ఞాపకాన్ని కాగితాలతో సరిచూడాల్సిన సందర్భం కూడా ఇక్కడే వస్తుంది. ఓడ మునిగిన నిమిషం నుంచి జీతం ఆపేశారు అన్నది బ్రిటిష్ నావిక కుటుంబాల్లో బలంగా నాటుకున్న మాట. 1912లో టైటానిక్ సిబ్బంది విషయంలో అది అక్షరాలా నిజం. కానీ 1925లో వచ్చిన చట్టం ప్రకారం ఓడ మునిగి పని పోయిన నావికుడికి గరిష్ఠంగా రెండు నెలల దాకా జీతం ఇవ్వాలి. 1941 మేలో వచ్చిన ఉత్తర్వుతో ఓడల మధ్య కాలానికి కూడా జీతం దక్కే ఏర్పాటు జరిగింది. అంటే 1940 నాటికి ఆ మాట చట్టం లెక్కన పూర్తిగా నిజం కాదు. అయినా దాన్ని అబద్ధమని పక్కన పెట్టలేం. తాతల కాలపు అనుభవం మనవళ్ళ కథలో కలిసిపోయింది. యజమాని తమని ఎలా చూశాడన్న భావన తేదీల్ని దాటి నిలిచింది. ఆ భావన ఊరికే పుట్టలేదు.

తేదీలు కలిసిపోవడానికి మరో మామూలు కారణం ఓడల పేర్లు. ఛానల్ కంపెనీలు నచ్చిన పేర్లని మళ్ళీ మళ్ళీ వాడేవి. 1940లో కాలిపోయిన మెయిడ్ ఆఫ్ కెంట్ 1925 నాటిది. అదే పేరుతో 1959లో ఒక కార్ ఫెర్రీ వచ్చింది. న్యూహేవెన్‌లో బ్రైటన్ అన్న పేరుతో 1903లో, 1933లో, 1950లో వేర్వేరు ఓడలు నడిచాయి. తాత బ్రైటన్‌లో పనిచేశాడు అంటే ఏ బ్రైటన్? పాత ఓడల్లో చాలా వాటిని చూసి పోల్చుకుందామన్నా లేవు. లండన్-పారిస్ గోల్డెన్ యారో రైలు ప్రయాణికుల్ని దాటించిన కాంటర్‌బరీని 1965లో, దాని తర్వాతి ఇన్విక్టాని 1972లో తుక్కు చేశారు. ఓడే లేనప్పుడు ఒక గంట, ఒక పళ్ళెం, గోడమీద ఫొటో, ఇంట్లో పెద్దావిడ మాట తప్ప మిగిలేవి ఉండవు.

హెరాల్డ్ తర్వాత డోవర్

1953లో డోవర్‌లో కార్ ఫెర్రీల కోసం ప్రత్యేక టెర్మినల్ తెరిచాక పని స్వరూపం మారింది. రైల్వే ఓడలకి పోటీగా టౌన్‌సెండ్ కంపెనీ ఎదిగింది. బొగ్గు పోయి డీజిల్ వచ్చింది. సామాను మోసేవాళ్ళ బదులు కార్ డెక్ మీద లారీల్ని నిలబెట్టేవాళ్ళు, డ్యూటీ ఫ్రీ షాపులో అమ్మేవాళ్ళు కావాల్సి వచ్చారు. షాపుల్లో, రెస్టారెంట్లలో ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో చేరారు. దాంతో భార్యాభర్తలిద్దరూ, అక్కాచెల్లెళ్ళూ, తల్లీకొడుకులూ ఫెర్రీల మీదే పనిచేసే ఇళ్ళు వచ్చాయి.

1987 మార్చి 6 సాయంత్రం బెల్జియంలోని జీబ్రుగ్గె రేవు నుంచి టౌన్‌సెండ్ థోరెసన్ కంపెనీ కార్ ఫెర్రీ హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ ముందు తలుపులు తెరిచి ఉండగానే సముద్రంలోకి వెళ్ళింది. కార్ డెక్ మీదికి నీళ్ళు వచ్చి, ఒకటిన్నర నిమిషంలో పక్కకి ఒరిగిపోయింది. అది ఇసుక మేట మీద పడబట్టి పూర్తిగా మునగలేదు. ఓడలో 459 మంది ప్రయాణికులు, 80 మంది సిబ్బంది. చనిపోయినవాళ్ళు 193 మంది, వాళ్ళలో 38 మంది సిబ్బంది. ప్రయాణికుల్లో చాలామంది ఒక పత్రిక ఇచ్చిన ఒక పౌండు ఆఫర్ మీద ఒక్కరోజు షికారుకి వచ్చినవాళ్ళు, దేశంలో నలుమూలల వాళ్ళు. సిబ్బంది మాత్రం డోవర్, దాని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. దుఃఖం అందరిదీ ఒకటే అయినా అది చేరిన దారి ఒకటి కాదు. డోవర్‌లో ఒకే బడిలో, ఒకే వీధిలో, ఒకే పబ్‌లో అందరికీ ఎవరో ఒకరు పోయారు.

ఈ ప్రమాదం మీద జస్టిస్ షీన్ జరిపిన విచారణ నివేదికలో సిబ్బంది రోజువారీ జీవితం వివరంగా దొరుకుతుంది. సిబ్బంది 24 గంటలు ఓడలో, 48 గంటలు ఇంట్లో. ఆఫీసర్ల షిఫ్టులు వేరు, 12 గంటలు డ్యూటీ. అంటే ఓడ నడిపేవాళ్ళూ, ఓడలో పనిచేసేవాళ్ళూ ఒకే జట్టుగా ఉండేవాళ్ళు కాదు. తలుపులు మూయాల్సిన ఉద్యోగి తన క్యాబిన్‌లో నిద్రలో ఉన్నాడు. తలుపులు మూశారో లేదో కెప్టెన్‌కి కనిపించదు. ఓడ నడిపే గదిలో (బ్రిడ్జిలో) ఆ సంగతి సూచించే లైట్లు పెట్టించమని కెప్టెన్లు అంతకుముందే అడిగారు, యాజమాన్యం పట్టించుకోలేదు. జీబ్రుగ్గెలో ర్యాంపు ఈ ఓడకి సరిపోయేది కాదు కాబట్టి ముందుభాగంలోకి నీళ్ళు నింపి దించాల్సి వచ్చేది. ఇవన్నీ చూశాక షీన్ నిర్లక్ష్యం అనే జబ్బు కంపెనీకి పైనుంచి కిందిదాకా పట్టిందని తేల్చారు. 1990లో కంపెనీ మీద పెట్టిన హత్యానేర తరహా కేసు కోర్టులో నిలవలేదు. సంస్థల్ని అలాంటి కేసుల్లో శిక్షించడానికి ప్రత్యేక చట్టం బ్రిటన్‌లో 2007లో గానీ రాలేదు.

సిబ్బంది కుటుంబాల పరిస్థితి ప్రయాణికుల కుటుంబాల కన్నా ఇక్కడ చిక్కుగా ఉంది. వాళ్ళు బాధితులు. అదే సమయంలో వార్తల్లో వేలెత్తి చూపించింది వాళ్ళలో ఒకరి వైపు. జీతం వచ్చేది అదే కంపెనీ నుంచి. కోపం ఎవరి మీద చూపించాలి? ఓడలో హెడ్ వెయిటర్‌గా పనిచేస్తూ, ప్రయాణికుల్ని బయటికి పంపే ప్రయత్నంలో ప్రాణం వదిలిన మైకేల్ స్కిపెన్‌కి చనిపోయాక జార్జ్ మెడల్ ఇచ్చారు. ఆ పతకం సిబ్బంది మొత్తం గురించి చెప్పే మాట బలమైనది, కానీ పత్రికల మొదటి పేజీల్లో నిలిచింది తలుపుల కథే. ఆ రాత్రి సిబ్బంది ఏం చేశారన్నది వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఇన్నేళ్ళుగా పట్టుబట్టి చెబుతున్నారంటే అందులో ఆశ్చర్యం లేదు, వాళ్ళ పట్టుదల న్యాయమైనది.

ఆ ఏడాదే టౌన్‌సెండ్ థోరెసన్ అన్న పేరు మాయమైంది. ప్రమాదానికి కొద్ది వారాల ముందే ఆ సంస్థని పీ అండ్ ఓ అనే ఓడల కంపెనీ కొనుక్కుంది. నారింజ రంగు ఓడలు నీలం అయ్యాయి. హెరాల్డ్ జంట ఓడల పేర్లు మార్చి ప్రైడ్ ఆఫ్ కెంట్, ప్రైడ్ ఆఫ్ బ్రూజెస్ అన్నారు. వ్యాపారానికి అది అవసరం అనుకుని ఉంటారు. పాత పేరుతో ఏళ్ళ తరబడి పనిచేసిన ఇళ్ళకి అది తమ బతుకు మీద రంగు పూయడమే అయింది.

మరుసటి ఏడాది, 1988 ఫిబ్రవరిలో, డోవర్‌లో పీ అండ్ ఓ ఓడల్లో పెద్ద సమ్మె మొదలైంది. మనుషుల్ని తగ్గించి షిఫ్టులు పొడిగించే కొత్త షరతులకి సిబ్బంది ఒప్పుకోలేదు. హెరాల్డ్ గుర్తులు ఆరక ముందే అలసట పెంచే షిఫ్టులు పెట్టడం ఏమిటన్నది వాళ్ళ ప్రశ్న. కంపెనీ సుమారు 2,000 మందిని తీసేసింది, నావికుల సంఘం ఆస్తుల్ని కోర్టు స్వాధీనం చేసుకుంది. కొత్త షరతుల మీద సంతకం పెట్టినవాళ్ళతో ఓడలు మళ్ళీ కదిలాయి. చుట్టాలే పనివాళ్ళుగా ఉన్న ఊళ్ళో సమ్మె విరిగితే చుట్టరికాలు కూడా విరుగుతాయి. సంతకం పెట్టినవాడికి ఇంటి అప్పు ఉంది, పెట్టనివాడికి మాట ఉంది. ఇద్దరినీ తప్పుపట్టలేం. కుటుంబాల మీద నిలబడ్డ ఉద్యోగ వ్యవస్థకి అసలు దెబ్బ ఇక్కడే తగిలిందని చెప్పుకోవచ్చు. 1994లో ఛానల్ సొరంగం తెరవడం, 1999 జూన్ చివర్లో యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య డ్యూటీ ఫ్రీ ఆగిపోవడం ఆ తర్వాతి దెబ్బలు. అవతలి గట్టున కలేలో సీఫ్రాన్స్ అనే ఫెర్రీ కంపెనీ 2012లో మూతపడింది. దాని ఉద్యోగులు సహకార సంఘం పెట్టుకుని మైఫెర్రీలింక్ పేరుతో మూడేళ్ళు ఓడలు నడిపారు, 2015లో అదీ ఆగింది.

2022 మార్చి 17న పీ అండ్ ఓ ఫెర్రీస్ 786 మంది నావికుల్ని ముందస్తు నోటీసు లేకుండా ఒక వీడియో సందేశంతో తీసేసింది. అప్పటికే ఆ సంస్థ దుబాయ్‌కి చెందిన డీపీ వరల్డ్ చేతిలో ఉంది. సంఘాలతో చర్చించాలన్న చట్టాన్ని తెలిసే పాటించలేదని కంపెనీ అధిపతి పార్లమెంటు కమిటీ ముందు ఒప్పుకున్నారు. కొత్త సిబ్బందికి గంటకి సగటున 5.50 పౌండ్లు ఇస్తున్నామని కూడా చెప్పారు. అది అప్పటి బ్రిటన్ కనీస వేతనం కన్నా తక్కువ. ఆ గొడవ తర్వాత 2023లో బ్రిటన్ నావికుల వేతనాల చట్టం చేసింది, ఫ్రాన్స్ కూడా అదే ఏడాది తన రేవులకి వచ్చే ఫెర్రీల విషయంలో చట్టం తెచ్చింది.

ఏజెన్సీ ద్వారా కొత్తగా వచ్చినవాళ్ళలో భారతీయులు కూడా ఉన్నారు. ఉద్యోగాలు పోయినవాళ్ళ కోపం కొన్నిసార్లు వాళ్ళ వైపు మళ్ళింది, అది సరికాదు. వాళ్ళూ సీడీసీ చేతబట్టుకుని, ఏజెన్సీ చెప్పిన కాంట్రాక్టు మీద వచ్చి, నెలల తరబడి ఓడలోనే పడుకుని పనిచేసేవాళ్ళు. వాళ్ళ భార్యాబిడ్డలు డోవర్‌లో ఉండరు. కాంట్రాక్టు అయ్యాక మళ్ళీ ఏ ఓడ దొరుకుతుందో వాళ్ళకే తెలియదు. ఛానల్ మీద నేటి పని ఎలా ఉందో ముందుముందు తెలుసుకోవాలనుకునేవాళ్ళు డోవర్ వీధుల్లో వెతికితే దొరకదు. భారతదేశంలోని రేవు ఊళ్ళలో, ఏజెన్సీ కాంట్రాక్టు కాగితాల్లో, ఇంటికి పంపిన వాయిస్ మెసేజ్‌లలో వెతకాలి. ఆ మెసేజ్‌లని ఎవరైనా భద్రం చేస్తున్నారా అన్నది ఇప్పుడే అడగాలి.